ఎక్స్‌పోర్ట్ తాతయ్య దిండు

మొన్నీమధ్య ఫోన్లో ఒక దిండు ఆర్డర్ పెట్టాను. మెమరీ ఫోమ్ అట. రెండో రోజుకే మెడ పట్టేసింది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దాటాక స్కూటీ పక్కకి ఆపి మరీ కస్టమర్ కేర్ అబ్బాయితో గొడవేసుకున్నాను.

“మేడమ్, కొన్నాళ్ళు వాడితే మీరే దిండుకి అలవాటు పడిపోతారండీ” అన్నాడు.

“దిండు నాకు అలవాటు పడాలి గానీ, దిండుకి నేను అలవాటు పడటమేంటయ్యా?” అని అరిచి ఫోన్ కట్ చేశాను. చేశాక నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు. ఎక్స్‌పోర్ట్ తాతయ్యది.

ఆయన మా నాయనమ్మకి అన్నయ్య. పోయి ఏడాది దాటింది. పేరు రాయను. బతికుండగా నేనొకసారి ఆయన మాటలు ఫోన్లో రికార్డు చేయబోతే చెయ్యి అడ్డం పెట్టి, “కథ తీసుకో అమ్మడూ, పేరు మాత్రం వదిలెయ్. కేసు మూశారో లేదో నాకే సరిగ్గా తెలీదు” అన్నాడు. శిక్ష పడి, అనుభవించి, బయటికొచ్చి ఓ జీవితకాలం అయిపోయింది. అయినా ఆ కేసంటే ఆయనకి అదో గొప్ప.

మా ఇంట్లో పిల్లలందరికీ తెలుసు, ఎక్స్‌పోర్ట్ తాతయ్య ఒకప్పుడు ఇంటర్నేషనల్ స్మగ్లర్ అని. స్కూల్లో చెప్తే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. చూపిద్దామని ఒకసారి నా ఫ్రెండ్‌ని ఇంటికి తీసుకొచ్చాను. పల్చటి మనిషి, ఉతికి ఉతికి మెత్తబడిన తెల్ల చొక్కా, కాలర్ కింద దారం ఎక్కించిన సూది. అది చూసి మా ఫ్రెండ్, “మీ తాతయ్య టైలరా?” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. “స్మగ్లర్!” అని అరిచాను. తాతయ్య వంటింట్లోంచి తొంగిచూసి, “రిటైర్డ్” అన్నాడు.

ఎవరింటికెళ్ళినా ముందు ఆ ఇంటి దిండు చూసేవాడు. రెండు బొటనవేళ్ళతో మధ్యలో నొక్కి, వదిలి, అది మళ్ళీ పైకి లేచేదాకా తల వంచి చూసి, మూల దగ్గర వాసన పీల్చి, అప్పుడు తీర్పు చెప్పేవాడు. “దూది మంచిదే, కుక్కేవాడికి తొందరెక్కువ.” పెళ్ళి విడిదిలో చేశాడు. ఆఖర్న హాస్పిటల్ బెడ్ మీద చేరగానే సెలైన్ ఉన్న చేత్తో కూడా చేశాడు. నర్సు, “ఏంటి తాతా, దిండు కొంటావా?” అంటే, “ఇది ఊరికే ఇచ్చినా వద్దమ్మా” అన్నాడు. మనుషుల మీదా అదే తీర్పు. నేను ఎవరితోనైనా ఫోన్లో అరుస్తుంటే, ఎదురుగా కూర్చుని రెండు బొటనవేళ్ళూ గాల్లో నొక్కి, “దూది మంచిదే” అని అంతటితో ఆపేసేవాడు. మిగతా సగం నేను ఊహించుకుని ఇంకా మండిపడేదాన్ని.

ఒక లాక్‌డౌన్ మధ్యాహ్నం ఇద్దరం నా ఫోన్లో ఓ విదేశీ డ్రగ్స్ డాన్ సీరీస్ చూశాం. విమానాలు, తుపాకులు, ఇంటి వెనక పులులు. తాతయ్య కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. తన లైన్లో పెద్ద ఆఫీసర్ని చూస్తున్న గుమాస్తాలా ఉంది మొహం.

“వీడికి వాళ్ళమ్మ ఉందా?” అన్నాడు.

“ఏమో, ఇంకా చూపించలేదు.”

“ఉండుండదు. మా అమ్మలాంటిదుంటే వీడు రెండో ఎపిసోడ్ దాకా వచ్చేవాడు కాదు.”

వాళ్ళమ్మ, అంటే మా తాతమ్మ, చల్లపల్లి దగ్గర కాలవ ఒడ్డు పల్లెలో ఉండేది. ఆ ఊరి చర్చిలో పాట ఎత్తేది ఆవిడే. హార్మోనియం ఉన్నా లేకపోయినా ఆవిడ మొదలుపెట్టాకే మిగతావాళ్ళు అందుకోవాలి. అందుకని ఆడవాళ్ళ వైపు ముందు చాప మీద, పాస్టరు అయ్యగారికి ఎదురుగా, ఆవిడకో చోటు ఉండేది. ఎవరూ రాసివ్వలేదు గానీ అక్కడ ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కాదు. మొగుడు పోయినా, పొలం పోయినా, ఆవిడకి పోనిది ఆ చోటొక్కటే.

కొడుకు విజయవాడలో పరుపుల కొట్టు పెట్టాడు. బూరుగు దూది పరుపులు, దిళ్ళు. అవి డెబ్భైల రోజులు. బెల్‌బాటం ప్యాంటు, చెవుల మీదకి జుట్టు. చెల్లెల్ని, అంటే మా నాయనమ్మని, కొట్టు వెనక గదిలో ఉంచి కాలేజీలో చదివిస్తున్నాడు. వ్యాపారం అంతంతమాత్రం.

అలాంటి టైములో రైల్వే స్టేషన్ బయట ఓ తెల్లోడు జ్వరంతో పడి కనిపించాడు. అప్పట్లో బారెడు జుట్టు, గడ్డాలతో దేశమంతా తిరిగే హిప్పీలుండేవాళ్ళు కదా, వాళ్ళలో ఒకడు. తాతయ్య రిక్షాలో వేసుకొచ్చి కొట్లో పడుకోబెట్టాడు. ఆ రోజే ఊర్నుంచి తాతమ్మ వచ్చింది. గడ్డం, పొడుగు జుట్టు, నీలం కళ్ళు, కాళ్ళకి చెప్పుల్లేవు. చూసి చేతులు జోడించేసింది.

ఇక్కడ మా నాయనమ్మ ఎప్పుడూ అడ్డొచ్చేది. “మిషనరీ దొరగారనుకుందే అమ్మ! చారన్నం కలిపి ముందుపెట్టి, ‘ప్రార్థన చెయ్యండి దొరగారూ’ అంది. వాడికి ఏం అర్థమైందో, కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్నాడు, మూసుకున్నాడు, ఇంక తెరవడే. మేం కూడా కళ్ళు మూసుకునే ఉన్నాం. అన్నం చల్లారిపోయింది. చివరికి గురక వినపడింది.”

“అయినా అమ్మ ఆమేన్ అందా లేదా?” అనేవాడు తాతయ్య.

“అంది. ‘ఎంత ప్రశాంతమైన ప్రార్థనో’ అని కూడా అంది.”

ఆ దొర తల కింద ఉన్నది వట్టివేళ్ళు కలిపి కుట్టిన దిండు. నాలుగు రోజులు దాని మీద పడుకుని లేచాక, తాతయ్యకి వచ్చీరాని ఇంగ్లీషుకి తన చేతిసైగలు జోడించి చెప్పాడట. ఈ వాసనలో ఇంకే వాసనా తెలియదు. దీని లోపల నీ దేశపు గంజాయి పెడితే మా దేశాల్లో బంగారం. తాతయ్యకి రెండో వాక్యం పూర్తిగా అర్థం కాలేదు గానీ, ‘గోల్డ్’ అర్థమైంది.

అంతే, కొట్టు బోర్డు మీద ‘ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ’ అని ఎర్రక్షరాలు పడ్డాయి. ఏజెన్సీ కొండల నుంచి వచ్చే బూరుగు దూది మూటల్లో సరుకు కలిసి వచ్చేది. దాన్ని నూనెగుడ్డలో చుట్టి, చుట్టూ వట్టివేళ్ళు, దాని చుట్టూ దూది పెట్టి కుట్టేవాడు. గుర్తుకి మూల మీద ఎర్రదారంతో ఒక ముడి. కాకినాడ రేవులో ఓడ మీద పనిచేసే ఒకతను వాటిని పక్కచుట్టల్లో కట్టుకుని ఎక్కేవాడు. కొలంబో, సింగపూర్, అక్కణ్ణుంచి దొర చెప్పిన ఊళ్ళు. తాతయ్య మాత్రం సముద్రం కూడా దాటలేదు. “నేనెందుకెళ్ళాలి? నా దిళ్ళు వెళ్ళాయిగా” అనేవాడు. మోటార్ సైకిలొచ్చింది, టేప్ రికార్డర్ వచ్చింది, చేతికి ఫారిన్ వాచీ వచ్చింది. తాతమ్మకి మాత్రం ఒకటే తెలుసు. తన కొడుకు దిళ్ళ మీద ప్రపంచం నిద్రపోతోంది.

నేనొకసారి ఉండబట్టలేక అడిగేశాను. “నవ్వుతూ చెప్తావేంటి తాతయ్యా? నీ దిళ్ళ వల్ల ఎంతమంది పాడైపోయుంటారు?”

నాయనమ్మ నా వైపు కళ్ళురిమింది. తాతయ్య మాత్రం ఏమీ అనుకోలేదు. “నాకు తెలీదు అమ్మడూ. దేవుడికి తెలుసు. అందుకే ఆయనతో మాట్లాడేటప్పుడు జోకులెయ్యను” అన్నాడు.

కోతపండగ గురించి తెలియనివాళ్ళకి ఒక మాట. కొత్త పంట ఇళ్ళకొచ్చాక మా చర్చిల్లో చేసే పండగ అది. ఎవరి కష్టంలో మొదటిది, మేలైనది వాళ్ళు దేవుడికి తెచ్చిస్తారు. రైతు వడ్లు తెస్తాడు, నేతపని చేసేవాళ్ళు తువ్వాలు తెస్తారు, ఏమీ లేని ముసలమ్మ కోడిగుడ్డు తెస్తుంది. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు. అసలు మజా అక్కడుంది. పాడుకున్నవాళ్ళు వస్తువు ఇంటికి పట్టుకుపోకుండా, “మళ్ళీ దేవుడికే” అని తిరిగిచ్చేస్తారు. దాన్ని మళ్ళీ వేలం వేస్తారు. ఒక్క సొరకాయ చర్చి మొత్తం తిరిగొస్తుంది.

ఆ ఏడు కోతపండగ ఆదివారం పొద్దున్న తాతయ్య పక్కచుట్టలు కట్టిస్తున్నాడు. సాయంత్రం కాకినాడ రైలు అందుకోడానికి ఓడమనిషి వస్తాడు. ఈసారి తాతయ్య కూడా అతనితో ఎక్కేసి కొలంబో చూసొద్దామని అన్నీ సిద్ధం చేసుకున్నాడు. అటక మీద ఎర్రముడి దిళ్ళు చూస్తే ఒకటి తక్కువ.

“ఇక్కడ దిండేదే?” అని చెల్లెల్ని అడిగాడు.

“నిన్న అమ్మొచ్చి పట్టుకెళ్ళింది అన్నయ్యా.”

“కింద అన్ని దిళ్ళుంటే అటకెక్కిందా!”

“నేనూ అదే అన్నా. ‘విడిగా దాచాడంటే మేలురకమన్నమాట, దేవుడికి రెండోరకం ఇస్తామా?’ అంది.”

ఆ మాటకి అన్నయ్య మొహం పాలిపోవడం నాయనమ్మ చూసింది. ఎందుకో తెలియలేదు. ఆవిడ మోటార్ సైకిల్ వెనకెక్కి సర్దుకునే లోపే బండి ఉయ్యూరు దాటిందట.

వాళ్ళు వెళ్ళేసరికి ఆరాధన అయిపోయింది. బల్ల మీద గుమ్మడికాయకీ, కాళ్ళు కట్టేసిన కోడిపుంజుకీ మధ్య దిండు కూర్చుని ఉంది. తాతమ్మ తన చోట్లో నిటారుగా కూర్చుని ఉంది. వేలం వేసేది సంఘపెద్ద, రిటైరైన హెడ్మాస్టరుగారు. దిండు ఎత్తి రెండు చేతులతో అందరికీ చూపించారు.

“ఫారినోళ్ళు పడుకునే దిండండీ! మన అమ్మగారి కొడుకు చేతిపని! ఎవరు పాడతారు?”

“పది!” అన్నాడు వెనకనుంచి తాతయ్య, ఇంకా రొప్పుతూనే.

చర్చంతా వెనక్కి తిరిగింది. పక్కనే మగవాళ్ళ వైపు, ఆ ఊరి అల్లుడు, అత్తారింటికి పండక్కొచ్చిన ఎస్సైగారు కూర్చున్నారు. ఆడవాళ్ళ వైపునుంచి ఎవరో అందుకున్నారు. “అల్లుడుగారూ, కుట్టినోడే కొనుక్కుంటున్నాడు, మీరు చూస్తూ కూర్చుంటారేంటండీ? మా అమ్మాయికి దిండక్కర్లేదా?”

ఎస్సైగారికి రోషమొచ్చింది. పాట పెంచారు. తాతయ్య ఇంకా పెంచాడు. చివరికి దిండు తాతయ్యదే అయింది. ముందుకెళ్ళి, దాన్ని చంకలో ఇరికించుకుని గుమ్మం వైపు రెండడుగులు వేశాడో లేదో, హెడ్మాస్టరుగారు చప్పట్లు కొట్టారు.

“చూశారా! తన చేతిపనిని తనే కొని మళ్ళీ దేవుడికే ఇస్తున్నాడండీ!” అని చంకలోంచి దిండు లాగేసుకున్నారు.

ఎదురుగా తాతమ్మ, కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతోంది. మళ్ళీ పాడాడు. జేబులు ఖాళీ అయ్యాయి. చేతి వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు. చర్చి అదిరిపోయింది. “నా కొడుక్కి దేవుడంటే ఇంత భక్తని నాకే తెలీదమ్మా” అని తాతమ్మ పక్కావిడ భుజం మీద పడి ఏడ్చింది. హెడ్మాస్టరుగారు మళ్ళీ లాక్కున్నారు. మూడోసారికి తాతయ్య దగ్గర ఇవ్వడానికి చొక్కా తప్ప ఏం లేదు. దిండు ఎస్సైగారిదైంది. ఆయన తిరిగివ్వలేదు. ఊరి అల్లుడు కదా, ఎవరూ అడగలేదు.

పండగ భోజనాలయ్యాయి. ఎస్సైగారు అత్తారి అరుగు మీద మంచం వాల్చి, కొత్త దిండు తల కింద పెట్టుకుని కునుకు తీశారు. తాతయ్య ఎదురుగా కాలవగట్టు మీద, ఆ తలకాయ ఎప్పుడు పక్కకి జరుగుతుందా అని చూస్తూ కూర్చున్నాడు. “జీవితంలో ఏ సరుక్కీ అంత కాపలా కాయలేదే” అనేవాడు. తలకాయ జరిగింది గానీ చెయ్యి దిండు కిందకి వెళ్ళింది. ఏదో గడ్డలా తగిలింది. ఎస్సైగారు లేచి కూర్చున్నారు. బొటనవేళ్ళతో నొక్కారు. కుట్టు విప్పారు.

చర్చి ముందు ఆడవాళ్ళు గిన్నెలు తోముతున్నారు. ఎస్సైగారు దిండు పట్టుకుని అక్కడికి నడిచారు. తాతయ్యకి అప్పుడే అంతా అర్థమైంది. బండి స్టార్ట్ చేశాడు. నాయనమ్మ వెనకెక్కబోతే, “నువ్వుండు” అన్నాడు. కాకినాడ రైలుకి ఇంకా టైముంది. రేపీపాటికి ఓడ మీదుంటాడు.

“అమ్మా, ఈ దిండు ఎవరిదండీ?” అని ఎస్సైగారు తాతమ్మని అడగడం గట్టు మీదకి వినపడింది.

“నాదే బాబూ, నా చేత్తో తెచ్చా.”

“పైదేనా? లోపలిది కూడానా?”

తాతమ్మ మసిచేతులు చీరకి తుడుచుకుని లేచి నిలబడింది. “అదేం మాట బాబూ? పైదీ నాదే, లోపలిదీ నాదే. దేవుడి ఇంటి ముందు నిలబడి చెప్తున్నా.”

“ఆ ఇంజను ఆగిన చప్పుడు నాకిప్పటికీ వినపడుతుంది” అనేది నాయనమ్మ.

తాతయ్య గట్టు దిగాడు. “ఎస్సైగారూ, లోపలిది నాదండి. మా అమ్మకి దూది తప్ప ఇంకేం తెలీదండి.”

అప్పటి చట్టాలు ఇప్పటంత గట్టివి కావు. ఏడాదిన్నర లోపల ఉన్నాడు. అక్కడా పరుపులే కుట్టాడు. తాతమ్మ నెలనెలా వెళ్ళేది, తిట్టేది, అరిసెలు ఇచ్చొచ్చేది. చర్చిలో మాత్రం ముందు చాప మీద కూర్చోలేదు. ఎవరూ లేవమనలేదు. ఆవిడే వెళ్ళి గుమ్మం పక్కన, చెప్పుల దగ్గర కూర్చుంది. పాట ఎత్తడం మానేసింది. ఆవిడ చోట్లోకి ఇంకొకావిడ వచ్చింది. ఆ కొత్తావిడ ఎత్తిన శ్రుతి ఎవరికీ అందేది కాదట. అయినా తాతమ్మ తలొంచుకుని పెదాలు కదిపేదే గానీ గొంతు ఇచ్చేది కాదు. తాతయ్య జైల్లోంచి వచ్చి మొదటి ఆదివారం ఆ చెప్పుల మధ్య అమ్మని చూశాడు. “శిక్ష అక్కడ మొదలైందే నాకు” అని ఒక్కసారే అన్నాడు నాతో.

మళ్ళీ కోతపండగ వచ్చింది. తాతయ్య కొత్త దిండు కుట్టి పట్టుకెళ్ళాడు. హెడ్మాస్టరుగారు మంచివారే. తాతయ్యని పక్కకి పిలిచి, “బాబూ, ఈసారికి ఓ కొబ్బరిబొండం ఇవ్వరాదా? దిండు చూస్తే జనం ఏదోటి అనుకుంటారు” అన్నారు. తాతయ్య తలూపి, దిండు చంకలో పెట్టుకుని బయటికి నడవబోయాడు.

చెప్పుల మధ్యనుంచి తాతమ్మ లేచింది. కొడుకు చంకలోంచి దిండు లాక్కుంది. నడుచుకుంటూ ముందుకెళ్ళి, బల్ల మీద గుమ్మడికాయ పక్కనున్న కత్తి తీసింది.

“ఏమనుకుంటారో కళ్ళారా చూసి అనుకోండి” అంది. దిండుని ఈ చివరినుంచి ఆ చివరికి చీరేసింది.

బూరుగు దూది. ఊపిరి తగిలితే లేస్తుంది. తలుపుల్లోంచి కాలవగాలి కొట్టింది. దూది మొత్తం చర్చి లోపల లేచింది. అయ్యగారి తెల్లంగీ మీద, హెడ్మాస్టరుగారి కళ్ళద్దాల మీద, కోడిపుంజు తోక మీద, పిల్లల నోళ్ళల్లో. అయ్యగారు ఏదో అనబోయి తుమ్మారు. కోడిపుంజు బల్ల మీదనుంచి దూకింది. ఎస్సైగారు, ఆ ఏడూ పండక్కొచ్చినాయనే, ముక్కు మీద వాలిన పింజని పట్టుకుని, ఓసారి వాసన చూసి, లేచి నిలబడి స్టేషన్లో చెప్పినట్టు చెప్పారు.

“దూదేనండీ!”

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత చర్చి మొత్తం నవ్వింది. మగవాళ్ళ వైపు, ఆడవాళ్ళ వైపు, దులుపుకోవడం మానేసి ఒకరి తల మీద దూది ఒకరు చూసుకుంటూ, కడుపులు పట్టుకుని నవ్వారు. గుమ్మంలో తాతయ్య ఒక్కడే నవ్వలేదు. వాళ్ళమ్మనే చూస్తున్నాడు.

తాతమ్మ ఖాళీ గలీబు బల్ల మీద పడేసింది. తల నిండా తెల్లటి దూదితో ముందు చాప దగ్గరకెళ్ళి, తన చోట్లో కూర్చున్నావిడ మీదకి వంగింది.

“కాస్త జరుగమ్మా.”

ఆవిడ జరిగింది.